అప్‌డేట్: పాపకు మత్తు ఇచ్చి ఎమ్మారై చేశారు

మా మూడేళ్ల పాపకు ఎమ్మారై కోసం మత్తు ఇప్పించాలా వద్దా అని పోయిన వారం అడిగాను కదా. నిన్న ఇప్పించాం. పాప బాగుంది.

స్కాన్ 40 నిమిషాలు పట్టింది. ఆ మెషీన్ చప్పుడులో ఈ వయసు పిల్లలు కదలకుండా ఉండలేరు, కదిలితే స్కాన్ బొమ్మలు మసకబారతాయి అన్నారు డాక్టర్ గారు. తిండి 6 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపించారు. అన్నిటికంటే కష్టం అదే. ఆకలికి ఏడుస్తుంటే నాకూ కన్నీళ్లు ఆగలేదు. కానీ మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుందని తెలిశాక ఒక్క బిస్కెట్ కూడా పెట్టలేదు.

మత్తు డాక్టర్ చివరిదాకా ఆక్సిజన్, గుండె వేగం చూస్తూనే ఉన్నారు. లేచాక కాసేపు చిరాకు, తూలుతూ నడక. నేను పాప చెయ్యి వదలలేదు.

జలుబు, దగ్గు ఉంటే మాత్రం ముందే చెప్పండి, వాయిదా వేస్తారేమో.