అమ్మానాన్నలతో సెంట్రల్ పార్క్: ఏ వైపు నుంచి వెళ్తే మంచిది?

పల్లవి_ఎన్‌జే: మేలో అమ్మానాన్న వస్తున్నారు. న్యూయార్క్‌లో ఒక పూట సెంట్రల్ పార్క్‌కి తీసుకెళ్దామని ఉంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు. నాన్నకేమో అంతా చూసెయ్యాలని. పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లు కాస్త చెప్పండి.

వేణు: అంతా చూడటం అయ్యే పని కాదండీ. 843 ఎకరాలు, 59వ వీధి నుంచి 110 దాకా నాలుగు కిలోమీటర్ల పొడవు. మా అత్తగారు, మామగారు వచ్చినప్పుడు 72వ వీధి దాటలేదు, పూటంతా అక్కడే గడిచిపోయింది. కొలంబస్ సర్కిల్ సబ్‌వే స్టేషన్లో లిఫ్ట్ ఉంది, అక్కడ దిగి నెమ్మదిగా ‘మాల్’ అనే వెడల్పాటి నడకదారి వైపు నడవండి. రెండు వైపులా ఎల్మ్ చెట్లు, పైన కొమ్మలు కలిసిపోయి పందిరి వేసినట్టుంటుంది. నేల చదును, బెంచీలకు కొదవ లేదు. ఎవరో శాక్సోఫోన్ వాయిస్తుంటే మామగారు ఇక లేవనన్నారు! మాల్ చివర బెథెస్డా టెర్రస్. దాని కిందున్న నడవ పైకప్పంతా ఇంగ్లండ్ మింటన్ కంపెనీ రంగు రంగుల టైల్సే. జనం ఫౌంటెన్ కోసం పరిగెత్తి, తలెత్తి చూడరు. కిందికి మెట్లున్నాయి. అమ్మగారికి కష్టమైతే పైనుంచే ఫౌంటెన్, చెరువు చక్కగా కనిపిస్తాయి.

సుధారాణి: దారి తప్పుతామని టెన్షన్ అక్కర్లేదు. ప్రతి దీపస్తంభానికీ నాలుగంకెల నంబరుంటుంది. 7235 అని ఉంటే 72వ వీధికి దగ్గర్లో ఉన్నారని. చివరి అంకె బేసి అయితే పడమర వైపు, సరి అయితే తూర్పు వైపు.

కిరణ్_బి: పెడల్ రిక్షా ఎక్కితే రేటు ముందే ఖాయం చేసుకోండి. నిమిషాల లెక్క, రేటు బండి మీద రాసి ఉండాలి. మా పెద్దమ్మా వాళ్లకి ఎక్కేటప్పుడు ఒక మాట, దిగేటప్పుడు ఇంకో మాట చెప్పి చాలా గుంజారు. పెద్దవాళ్లు గట్టిగా అడగలేరు కదా, ఒళ్లు మండిపోయింది.

రమ్య: నా ఓటు ఉత్తరం వైపుకే. ఐదో అవెన్యూ, 105వ వీధి దగ్గర కన్జర్వేటరీ గార్డెన్. మే మొదట్లో తులిప్‌లు చూసి తీరాలి. లోపలికి సైకిళ్లు, కుక్కలు రానివ్వరు, పెద్దవాళ్లకి హాయి. అక్కడే బాత్రూమ్‌లు కూడా ఉన్నాయి, మా అమ్మ ముందు అడిగేది అదే.

మురళి: మీ నాన్నగారికి చరిత్ర ఇష్టమైతే పడమర వైపు 82, 89 వీధుల మధ్యకి తీసుకెళ్లండి. పార్కు రాకముందు అక్కడ సెనెకా విలేజ్ అనే ఊరుండేది. 1825 నుంచి ఎక్కువగా నల్లజాతివాళ్లు సొంత స్థలాలు కొనుక్కుని ఇళ్లు, చర్చిలు, బడి కట్టుకున్నారు. పార్కు కోసం 1857లో అందర్నీ ఖాళీ చేయించారు. ఇంత అందమైన చోటు కోసం ఎవరి ఊరు పోయిందో తెలియకుండా తిరిగి రాకూడదనిపిస్తుంది నాకు.

పల్లవి_ఎన్‌జే: అందరికీ థ్యాంక్సండీ. అయితే అమ్మ కోసం మాల్, టెర్రస్. ఓపికుంటే టాక్సీలో గార్డెన్‌కి. సెనెకా విలేజ్ సంగతి చెప్పగానే నాన్న అక్కడికి ఒక్కడినైనా వెళ్తానంటున్నారు. మురళి గారూ, 86వ వీధి స్టేషన్లో దిగితే దగ్గరేనా?

మురళి: సెంట్రల్ పార్క్ వెస్ట్ మీదున్న 86వ వీధి స్టేషన్ అయితే రోడ్డు దాటగానే పార్కే. బి రైలు గానీ సి రైలు గానీ ఎక్కండి. బి శని, ఆదివారాల్లో ఉండదు.