జనం ఉన్నా విమాన మార్గం ఎందుకు నిలవదు?

మేఘమాల:
వర్ధమాన దేశాల విమానయానం మీద ఏ విశ్లేషణ చదివినా ఒకటే పాట: మధ్యతరగతి పెరుగుతోంది, రోడ్లు బాగోలేవు, కాబట్టి గిరాకీ ఖాయం. మరి కొత్త రూట్లు ఇన్ని ఎందుకు మూతపడుతున్నాయి? ఊహకి ఒక ఉదాహరణ: రెండు పట్టణాల మధ్య దూరం 450 కిలోమీటర్లు, బస్సులో 9 గంటలు. ఒక చివర 1,500 మీటర్ల రన్‌వే, దానికి రాత్రి దీపాలు లేవు. రూటు నిలుస్తుందో లేదో ముందే ఎలా లెక్కగట్టాలి?

గణకుడు:
ముందు రన్‌వే చూడండి, విమానాన్ని అదే నిర్ణయిస్తుంది. ఏటీఆర్ 72కి (ప్రొపెల్లర్లతో నడిచే సుమారు 72 సీట్ల విమానం) సముద్రమట్టంలో, మామూలు ఉష్ణోగ్రతలో, పూర్తి బరువుతో సుమారు 1,300 మీటర్లు సరిపోతుంది. నిండుగా ఉన్న ఏ320 లాంటి పెద్ద జెట్‌కి 2,000 దాకా కావాలి. కాబట్టి మీ చేతిలో ఉన్నది 72 సీట్లే అనుకోండి. రోజుకు ఒక రానుపోను, 70 శాతం లోడ్ (నిండిన సీట్ల వాటా): 72 × 2 × 365 × 0.7, అంటే ఏడాదికి దాదాపు 36,800 మంది కావాలి. బస్సు ప్రయాణికులందరినీ ఇందులో కలిపేయకండి, అంచనాలు తప్పేది అక్కడే. ఏసీ స్లీపర్, అద్దె కారు వాడేవాళ్లను, ఒక పూట పని మీద వెళ్లేవాళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకోండి.

"ముందు వారానికి మూడు రోజులు నడిపి చూద్దాం" అనడం జాగ్రత్తగా కనిపిస్తుంది కానీ చాలా రూట్లను చంపేది అదే. తిరుగు విమానం కోసం రెండు రోజులు ఆగాలంటే, ఎక్కువ చార్జీ ఇచ్చే ప్రయాణికుడు అసలు ఎక్కడు.

లోడ్ ఫ్యాక్టర్ ఒక్కటే చూసి మోసపోవద్దు. ఒక్కో సీటును (నిండినా, ఖాళీ అయినా) కిలోమీటరు మోయడానికి ఖర్చు 7, ఒక్కో ప్రయాణికుడి నుంచి కిలోమీటరుకి రాబడి 9 (ఏ కరెన్సీ అయినా) అయితే 78 శాతం సీట్లు నిండాకే ఖర్చులు గిట్టుతాయి. సీట్లు నింపడానికి చార్జీ తగ్గించి రాబడిని 8కి దించితే, అదే గీత 87.5కి ఎగబాకుతుంది.

టెయిల్‌విండ్:
గణకుడు గారి లెక్క సరే కానీ, నా దృష్టిలో అసలు దెబ్బ దీపాలు లేకపోవడమే. పగలు 11 గంటలే అనుకోండి. గంటంబావు ప్రయాణం, అరగంట టర్న్‌అరౌండ్ (దిగి మళ్లీ బయల్దేరే లోపు నేల మీద ఆగే సమయం) లెక్కన ఆరు ట్రిప్పులు, అంటే ఏడున్నర గంటలు ఎగరడం. అదే 16 గంటలు వీలైతే తొమ్మిది ట్రిప్పులు, 11 గంటల పైమాట. లీజు అద్దె రెండు చోట్లా ఒకటే, కాబట్టి గంటకు పడే అద్దె మూడో వంతు తగ్గుతుంది.

ఎత్తు, ఎండ కూడా చూడండి. 2,300 మీటర్ల ఎత్తున్న చోట ప్రామాణిక ఉష్ణోగ్రత సున్నా. అక్కడ 30 డిగ్రీలుంటే విమానానికి అది దాదాపు 3,400 మీటర్ల ఎత్తులా అనిపిస్తుంది. రెక్కల కింద గాలి పలచబడుతుంది, ఇంజిన్ బలం తగ్గుతుంది, సీట్లు ఖాళీగా వదలాల్సి వస్తుంది. అందుకే అలాంటి చోట వీలైనంత వరకు మధ్యాహ్నం విమానం పెట్టరు.

మేఘమాల:
అయితే దీపాలు పెట్టిస్తే చాలా?

టెయిల్‌విండ్:
చాలదు. దీపాలతో పాటు కంట్రోలర్లు, ఫైర్ సిబ్బంది రెండో షిఫ్టుకి కావాలి, లేకపోతే దీపాలున్నా విమానాశ్రయం మూసే ఉంటుంది. ఐకావో (ఐక్యరాజ్యసమితి విమానయాన సంస్థ) ప్రమాణాల్లో అగ్నిమాపక స్థాయి విమానం పొడవు, బాడీ వెడల్పులను బట్టి ఉంటుంది: ఏటీఆర్ 72కి 5, ఏ320కి 6. రన్‌వే పొడిగించి ఫైర్ ఇంజన్ల సంగతి మరిచిపోతే పెద్ద విమానం రాదు.

సుంకం:
కాగితాల వైపు కూడా ఒక మాట. అంతర్జాతీయ విమానయానం మీద కుదిరిన 1944 షికాగో ఒప్పందం 24వ అధికరణం, బయటి దేశం నుంచి వచ్చిన విమానం ట్యాంకులో మిగిలి ఉన్న ఇంధనం మీద సుంకం వేయొద్దంటుంది. అక్కడ నింపుకునే దానికి చాలా ద్వైపాక్షిక ఒప్పందాలు మినహాయింపునిస్తాయి. దేశీయ రూటుకి ఆ రక్షణ లేదు, ప్రభుత్వం ఎంత పన్నైనా వేయొచ్చు. అందుకే 450 కిలోమీటర్ల లోపలి రూటు కంటే సరిహద్దు దాటే రూటు ఒక్కోసారి చవకగా తేలుతుంది.

అయితే సరిహద్దు దాటాలంటే అవతలి దేశానికి విమానం నడిపే హక్కులు కావాలి. ఆఫ్రికా దేశాలు కుదుర్చుకున్న 1999 యమూసుక్రో నిర్ణయం విమాన మార్కెట్లు ఒకదానికొకటి తెరవమంది. ఒకే మార్కెట్ పథకం మొదలయ్యేసరికి 2018 వచ్చింది, అమలు ఇంకా నత్తనడకే.

డబ్బు చిక్కు వేరే. లీజు, విడిభాగాలు, బీమా డాలర్లలో, టికెట్ రాబడి స్థానిక కరెన్సీలో. కరెన్సీ పడితే నిండు విమానం కూడా నష్టమే. విదేశీ సంస్థకైతే రాబడి బయటికి పంపడమే కష్టం కావచ్చు: నైజీరియాలో డబ్బు చిక్కుకుపోయి ఎమిరేట్స్ 2022లో సర్వీసులు ఆపి, 2024 అక్టోబరులో గానీ తిరిగి మొదలుపెట్టలేదు. లీజు ధర బేరమాడే ముందు, అద్దె కట్టకపోతే విమానాన్ని వెనక్కి తీసుకునే హక్కునిచ్చే 2001 కేప్‌టౌన్ ఒప్పందంలో ఆ దేశం ఉందా, కోర్టులు దాన్ని పాటిస్తున్నాయా అని చూడండి. విమానం వెనక్కి రాదన్న భయం ఉంటే లీజుకిచ్చే సంస్థ ఆ ముప్పును అద్దెలో కలిపేస్తుంది.

గణకుడు:
సబ్సిడీ గురించి ఎవరూ ఎత్తలేదు. ఖాళీ సీటుకి డబ్బిస్తే సీటు అమ్మాలన్న పట్టుదల పోతుంది. అదే మొత్తంతో తొలి మూడేళ్లు ల్యాండింగ్, పార్కింగ్ చార్జీలు మాఫీ చేసి, "రోజూ ఒక ట్రిప్పు తప్పనిసరి" అని షరతు పెట్టడం నయం. మీ ఉదాహరణలో నేనైతే ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేలా రెండు ట్రిప్పులు అడుగుతాను. దీపాలు లేకపోతే సాయంత్రం ట్రిప్పు సూర్యాస్తమయానికి కనీసం గంట ముందు ఉండాలి, ఆలస్యమైతే విమానం అక్కడే రాత్రంతా ఇరుక్కుంటుంది.