ఛాచ్రో దాడి: ఆ మహావీర్ చక్ర సైనికుడిదా, మహారాజుదా? (ఆన్‌లైన్ చర్చ; ఇసుకతిన్నె, ఒకే ప్రశ్న, పాత ఫౌజీ అనేవి సభ్యులు పెట్టుకున్న పేర్లు)

ఇసుకతిన్నె: 1971 యుద్ధంలో 10 పారా కమాండో బెటాలియన్‌ను నడిపిన లెఫ్టినెంట్ కల్నల్ సవాయ్ భవానీ సింగ్ అప్పటికే జైపూర్ మహారాజు. 1970 జూన్‌లో తండ్రి రెండో మాన్ సింగ్ ఇంగ్లండ్‌లో పోలో మైదానంలో కుప్పకూలి చనిపోవడంతో గద్దె ఈయనకొచ్చింది. ఏడాదిన్నరకి పాకిస్తాన్ సింధ్‌లోని ఛాచ్రో మీద దాడి, ఆ తర్వాత యుద్ధంలో ధైర్యానికిచ్చే రెండో అత్యున్నత పతకం మహావీర్ చక్ర. "రాజు కాకపోతే ఆ పతకం వచ్చేదా?" అని మా తమ్ముడు నిన్న అన్నాడు. నాకు ఆ మాట మింగుడుపడలేదు. మీరేమంటారు?

ఒకే ప్రశ్న: మీ తమ్ముడి అనుమానాన్ని కొట్టిపారేయకండి. 1954 నుంచి 1963 దాకా ఆయన రాష్ట్రపతి అంగరక్షక దళంలో ఉన్నారు. మామూలు రైతు కొడుక్కి ఆ చోటు అంత సులువుగా దొరికేదా? ఛాచ్రో అనగానే మనకు మహారాజు పేరే గుర్తొస్తుంది. ఆయన వెంట వెళ్లిన జవాన్లలో ఒక్కరి పేరైనా మనకు తెలుసా?

పాత ఫౌజీ: బాబూ, నేను ఎడారిలో పనిచేసినవాణ్ని. రాత్రిపూట దారీ తెన్నూ లేని ఇసుకలో బండి దిగబడితే ఎంత టెన్షనో అనుభవించాను. వీళ్లు జీపులు, జోంగాల్లో (జీపులాంటి సైనిక బండ్లు) సరిహద్దు దాటి 70, 80 కిలోమీటర్లు లోపలికి పోయారు. వెనక సాయం లేదు. నాలుగు రాత్రులు, నాలుగు పగళ్లు. ఛాచ్రో, వీరావాహ్ ప్రాంతాలు పట్టుకున్నారు. కమాండింగ్ ఆఫీసర్ స్వయంగా ముందుండి నడిపించాడని పతకం ప్రశంసాపత్రంలోనే ఉంది. ఇసుకకు రాజెవరో, బంటెవరో తెలియదు.

ఇంకోటి. 1951లో థర్డ్ క్యావల్రీ అనే సైనిక రెజిమెంట్‌లో చిన్న ఆఫీసర్‌గా చేరిన మనిషికి బెటాలియన్ చేతికొచ్చింది 1968లో. 17 ఏళ్లు! దొడ్డిదారిలో వచ్చినవాడికి అంతకాలం పడుతుందా?

ఒకే ప్రశ్న: ధైర్యం లేదని నేననలేదు బాబాయ్. కానీ వంశం అసలు పనికిరాలేదంటే ఒప్పుకోను. ఛాచ్రో ఉన్న థార్‌పార్కర్ ప్రాంతంలోని సోఢా రాజపుత్రులకు రాజస్థాన్‌తో పెళ్లి సంబంధాలున్నాయి. అక్కడి జనానికి జైపూర్ రాజంటే పరాయివాడు కాదు కదా.

ఇసుకతిన్నె: జనం మంచిగా చూసినా తుపాకులు మంచిగా చూడవు. నన్ను కదిలించేది ఆ నెల. డిసెంబర్‌లో ఆయన శత్రుభూమిలో ఉన్నాడు. అదే డిసెంబర్‌లో 26వ రాజ్యాంగ సవరణతో రాజభరణాలు (మాజీ రాజులకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ము), బిరుదుల గుర్తింపు పోయాయి. సవరణ సరైందేనని నా నమ్మకం, ప్రజాస్వామ్యంలో రాజభరణం ఉండకూడదు. అయితే రాజు కాబట్టి పతకమిచ్చారంటే ఎలా? ఇచ్చింది రాజరికాన్ని రద్దు చేసిన ప్రభుత్వమే. 1975లో ఎమర్జెన్సీ వచ్చాక సవతి తల్లి గాయత్రీ దేవితో పాటు ఆయన్నీ తీహార్ జైల్లో పెట్టింది కూడా ఆ ప్రభుత్వమే.

ఒకే ప్రశ్న: ఈ పాయింట్ బలంగా ఉంది. పతకం మీద అనుమానం వెనక్కి తీసుకుంటున్నా. జవాన్ల పేర్ల సంగతి మాత్రం వదలను. 1972లో పాకిస్తాన్‌తో చేసుకున్న సిమ్లా ఒప్పందం తర్వాత గెలిచిన నేల ఎలాగూ తిరిగిచ్చేశాం. పేర్లు కూడా పోనిద్దామా?

పాత ఫౌజీ: అందులో నువ్వన్నది నిజం. ఆ దాడికి పతకాలు ఆయనొక్కరికే రాలేదు. మిగతావాళ్ల పేర్లు, ఊర్లు పోగుచేసి ఇదే థ్రెడ్‌లో పెడతాను. వారం రోజులు టైమివ్వండి.