రికార్డు "లేదు" అని చెప్పే ముందు మీరు ఏమేం చూస్తారు?

కొత్తగా చేరాను

ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో, అంటే పాత ప్రభుత్వ రికార్డులు భద్రపరిచే చోట, రీడింగ్ రూమ్‌లో చేరి మూడు నెలలైంది. పోయిన వారం జరిగిన ఒక విషయం మనసులోంచి పోవడం లేదు. ఒక పెద్దాయన తన తండ్రిగారి ఉద్యోగ రికార్డు కోసం వచ్చారు. పేరు కేటలాగ్‌లో కొట్టాను, రాలేదు. అక్షరాలు మార్చి కొట్టాను, అప్పుడూ రాలేదు. "లేదండీ" అన్నాను. ఆయన దండం పెట్టి వెళ్ళిపోయారు. సాయంత్రం మా సీనియర్‌కి ఈ సంగతి చెబితే, "ఆయన ఏ ఆఫీసులో పనిచేశారు?" అని అడిగారు. నేను ఆ మాటే అడగలేదు. అప్పటి నుంచి ఎవరికైనా "లేదు" అనాలంటే టెన్షన్‌గా ఉంటోంది. మీరంతా ఈ పని ఎలా నేర్చుకున్నారు?

నాలుగో అర

మీ సీనియర్ అడిగిన ప్రశ్నలోనే మన పని సగం ఉంది. లైబ్రరీలో పుస్తకాలు విషయాన్ని బట్టి ఉంటాయి. మన దగ్గర కాగితాలు వాటిని పుట్టించిన ఆఫీసును బట్టి ఉంటాయి. ఒక ఆఫీసు కాగితాలను ఇంకో ఆఫీసు కాగితాలతో కలపకూడదన్న నియమాన్ని ఫ్రాన్స్ 1841లోనే ఉత్తర్వుగా ఇచ్చింది. 1898లో ముగ్గురు డచ్ ఆర్కివిస్టులు రాసిన మాన్యువల్, ఆఫీసులో ఉన్న వరుసను కూడా చెదరగొట్టవద్దని గట్టిగా చెప్పింది. ఇది పరీక్ష కోసం చదివి వదిలేసే సిద్ధాంతం కాదు. మనం వెతికే దారే ఇది.

ఒక వంతెన కూలిందనుకోండి. కట్టిన శాఖలో ఇంజనీరు రిపోర్టు ఉంటుంది. పోలీసుల దగ్గర కేసు ఉంటుంది, పరిహారం ఇస్తే ఖజానాలో చెల్లింపు ఉంటుంది, ఎవరైనా కోర్టుకు వెళ్ళి ఉంటే న్యాయశాఖలో ఇంకో ఫైలు. ఈ నాలుగింటిలో "వంతెన" అన్న మాట ఒక్కదాని పేరులోనే ఉండవచ్చు. అందుకే నేను ముందు కేటలాగ్ తెరవను. ఈ పని ఆ రోజుల్లో ఎవరు చేసేవారు, వాళ్ళు ఎవరికి రాసేవారు, డబ్బు ఎవరు ఇచ్చేవారు అని కాగితం మీద రాసుకుంటాను.

ఇంకో మాట. శాఖల పేర్లు మారుతుంటాయి, రెండు కలిసిపోతుంటాయి, ఒకటి రెండుగా విడిపోతుంటుంది. ఏ ఆఫీసు ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు ఏ పని చూసిందో నేను ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ వచ్చాను. పద్దెనిమిదేళ్ళ నోట్‌బుక్ అది. ఈరోజే ఒకటి మొదలుపెట్టండి.

మెత్తని పెన్సిల్

నాలుగో అర గారితో ఏకీభవిస్తాను. అయితే దానికంటే ముందు మనిషి మాట వినాలి. వచ్చినవాళ్ళు తమకు కావలసింది అడగరు, మన దగ్గర ఉంటుందని తాము అనుకున్నది అడుగుతారు. ఒకామె వచ్చి ఒక ఊరి సర్వే రికార్డులన్నీ కావాలన్నారు. నలభై పెట్టెలు. కూర్చోబెట్టి మాట్లాడితే, ఆమెకు కావలసింది తాతగారు ఆ ఊళ్ళో ఉన్నారనడానికి ఒక్క ఆధారం. సర్వే రికార్డు కంటే ఓటర్ల జాబితా దగ్గరి దారి అయింది.

"ఎందుకు కావాలి?" అని నేరుగా అడిగితే విచారణలా ఉంటుంది, కొందరు ముడుచుకుపోతారు. "ఇప్పటివరకు మీకు ఏమేం తెలుసో చెప్పండి" అని మొదలుపెడతాను. పాత ఉత్తరం, సర్టిఫికెట్, ఫొటో ఏమున్నా తెమ్మంటాను. వాటి మూలన ఉన్న ఒక నంబరు చాలాసార్లు పని తేల్చేస్తుంది.

దుమ్ము దులిపేవాణ్ణి

"లేదు" అన్న మాట నేను వాడను. మా దగ్గరికి రాలేదా, వచ్చి పోయిందా, చూసిన చోట దొరకలేదా? మూడింటికీ మూడు వేర్వేరు జవాబులు ఇవ్వాలి. ఏమేం సీరీస్‌లు, అంటే ఒక ఆఫీసు నుంచి వచ్చిన ఒకే రకం ఫైళ్ళ వరుసలు, చూశానో రాసి ఇస్తాను. రేపు ఇంకొకరు అక్కడి నుంచి మొదలుపెట్టగలరు.

అసలు ప్రభుత్వ కాగితాల్లో ఎక్కువ భాగం గడువు తీరాక నియమం ప్రకారమే నాశనం చేస్తారు. శాశ్వతంగా ఉంచదగ్గవి 1 నుంచి 3 శాతమేనని అమెరికా నేషనల్ ఆర్కైవ్సే చెబుతుంది. కాబట్టి నాశనం చేసిన ఫైళ్ళ జాబితా కూడా చూడండి. అందులో ఆ ఫైలు నంబరు, తేదీ దొరికితే అదీ ఒక జవాబే. మనిషి వెతకడం ఆపి నెమ్మదిపడతాడు.

కాలిపోయినవాటి సంగతి వేరు. 1973 జూలై 12న అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని సైనికుల రికార్డుల భవనం అంటుకుని 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల ఫైళ్ళు పోయాయి. వాటికి నకళ్ళు లేవు, మైక్రోఫిల్మ్ లేదు. అయినా అక్కడివాళ్ళు చేతులెత్తేయలేదు. జీతాల వోచర్ల నుంచి, ఆస్పత్రి నమోదుల నుంచి ఒక్కో సైనికుడి సర్వీసును తిరిగి కూర్చుతూ వచ్చారు. 1922లో ఐర్లండ్‌లోని డబ్లిన్ రికార్డు ఆఫీసు ధ్వంసమైనప్పుడూ అంతే, వేరే చోట్ల మిగిలిన నకళ్ళే దిక్కయ్యాయి. ఉద్యోగి ఫైలు పోయినా జీతం ఇచ్చిన ఆఫీసు, పెన్షన్ లెక్క చూసిన ఆఫీసు ఉంటాయి కదా. మీ పెద్దాయన విషయంలో అక్కడ చూశారా?

మూసిన పెట్టె

ఉండి కూడా ఇవ్వలేనప్పుడు ఇంకా కష్టం. అమెరికాలో జనగణన పత్రాలు 72 ఏళ్ళు మూసి ఉంచుతారు, 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న తెరిచారు. ఇంగ్లండ్‌లో ఆ గడువు 100 ఏళ్ళు. గడువు ఉన్నచోట "ఇవ్వం" అనడం సరిపోదు. ఏ నియమం కింద, ఏ తేదీ వరకు, అభ్యంతరం ఉంటే ఎవరికి రాయాలి, ఈ మూడూ చెప్పాలి.

తెరిచిన ఫైలు అయినా ఇచ్చే ముందు తిరగేయండి. ఒకసారి నేను తిరగేయకుండా ఇచ్చిన ఫైలు మధ్యలో వేరే వ్యక్తి వైద్య నివేదిక ఉంది. ఆ వ్యక్తి బతికే ఉన్నారు. చదివిన పరిశోధకుడే తెచ్చి నా చేతికిచ్చారు. ఆరోజు నాకు భోజనం సహించలేదు.

మెత్తని పెన్సిల్

దీనికి ఒకటి కలుపుతాను. జైలు, పిచ్చాసుపత్రి, అనాథాశ్రమం ఫైళ్ళు కుటుంబసభ్యులకు ఇచ్చేటప్పుడు ముందు మనం చదవాలి. లోపల ఏముందో రెండు మాటల్లో చెప్పి, కాస్త పక్కగా ఉన్న బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. ఆ పుటలు తెరిచేటప్పుడు వాళ్ళు ఒంటరిగా ఉండకూడదు.

కొత్తగా చేరాను

అందరికీ ధన్యవాదాలు. పెన్షన్ అన్న మాట చదివాక సీనియర్‌ని అడిగి లెక్కల ఆఫీసు నుంచి వచ్చిన సీరీస్ తీశాం. తండ్రిగారి పేరుతో ఏమీ లేదు. ఆయన ఉద్యోగంలో ఉండగానే పోయారని రిజిస్టర్‌లో ఒక గుర్తు కనిపించింది. దాన్ని పట్టుకుని కుటుంబ పెన్షన్ ఫైళ్ళు చూస్తే, ఆయన భార్య పేరు మీద ఫైలు ఉంది. తండ్రిగారి ఉద్యోగం మొత్తం, చేరిన తేదీ నుంచి బదిలీలతో సహా, అందులో ఎక్కించారు.

అనుమతి తీసుకుని, రీడర్ ఫారంలో ఉన్న చిరునామాకు ఆఫీసు తరఫున ఉత్తరం రాశాను. నిన్న ఆ పెద్దాయన వచ్చారు. అన్నీ చదివి, చివరి పుట దగ్గర ఆగిపోయారు. అక్కడ వాళ్ళమ్మగారి వేలిముద్ర ఉంది. దాని నకలు కూడా వస్తుందా అని అడిగారు. వస్తుందని చెప్పాను.