అప్‌డేట్: ఇన్‌ఫెక్షన్ తగ్గినా నాన్నకి ఆక్సిజన్ ఎందుకు పడిపోయిందంటే

నెల క్రితం అడిగాను కదా, నిమోనియాకి యాంటీబయాటిక్స్ పనిచేస్తున్నాయి, జ్వరం తగ్గింది, అయినా నాన్న వెంటిలేటర్ మీదకి ఎందుకు వెళ్లారని. నిన్న ఇంటికొచ్చారు. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి, నీరు నిండి, రక్తానికి ఆక్సిజన్ అందని తీవ్ర పరిస్థితి) కావచ్చు, ఐసీయూ డాక్టర్ని అడగండి" అన్నవారి మాటే నిజమైంది. ఐసీయూ డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది: క్రిముల్ని చంపడానికి వచ్చిన న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు ఊపిరితిత్తుల్లో గుంపులుగా చేరి ఎలాస్టేజ్ లాంటి ఎంజైములు, తమ డీఎన్‌ఏతోనే అల్లిన వలలు వదులుతాయి. వాటికి క్రిమి, మన కణం అనే తేడా లేదు. గాలిగదుల పల్చటి గోడలు దెబ్బతిని, రక్తనాళాల్లోంచి ప్రోటీన్లతో కూడిన నీరు కారి లోపల నిండుతుంది. శత్రువు పోయినా సైన్యం ఊరు వదల్లేదన్నమాట.

మరి ఆ కణాల్ని ఆపేయొచ్చుగా అన్నాను. పూర్తిగా ఆపితే కొత్త ఇన్‌ఫెక్షన్‌కి తలుపు తీసినట్టేనట.

చేసిందేమిటంటే, వెంటిలేటర్‌తో ఒక్కో శ్వాసకి తక్కువ గాలి (ఎత్తును బట్టి లెక్కేసిన బరువుకి కిలోకి 6 మి.లీ.), రోజుకి 16 గంటలు బోర్లా పడుకోబెట్టడం. స్టెరాయిడ్ కూడా ఇచ్చారు. బోర్లా వేసిన రెండో రోజు నుంచే ఆక్సిజన్ నిలబడింది.

నేను పట్టుబట్టిన యాంటీబయాటిక్ మార్పు అనవసరం. గుండె జబ్బేమోనన్న అనుమానం కూడా నిజం కాదు, ఎకో (గుండె స్కాన్) మామూలుగానే ఉంది. ఇమ్యూనిటీ పెంచే మాత్రల సలహాకి మాత్రం ఆవిడ నవ్వేశారు.

మెట్లెక్కితే ఇంకా ఆయాసం ఉంది. ఫిజియోథెరపీ నడుస్తోంది.