ధూమయోని: పొగకు పుట్టిన మబ్బు కురుస్తుందా?

మేఘానికున్న పేర్లలో చాలావరకు నీళ్ల చుట్టూనే తిరుగుతాయి. జలదం, నీరదం, వారిదం, అన్నీ నీళ్లిచ్చేవే. వాటి మధ్య అమరకోశంలో ‘ధూమయోని’ అని ఒకటుంది. ధూమమే పుట్టుకచోటుగా కలది, అంటే పొగలోంచి పుట్టినది. (ఆ మాటకి ఉలిక్కిపడకండి, బ్రహ్మని పద్మయోని అనడంలేదూ!) నా డౌటేంటంటే, మబ్బు పొగలోంచే పుట్టేటట్టయితే కార్చిచ్చు రేగినప్పుడల్లా దాని పొగే మబ్బుకట్టి, కురిసి, ఆ మంటని ఆర్పేయాలి కదా. ఆర్పట్లేదు. మరి ఇది ఉత్త కవుల ఊహేనా?

—

ఊహే అని కొట్టిపారేయకండి. గాలిలో ఆవిరి ఉన్నంత మాత్రాన చుక్క కట్టదు, పట్టుకోడానికి ఓ నలుసు కావాలి. దుమ్ము, సముద్రపు ఉప్పు, పొగలోని మసి, ఏదైనా సరే. అంటే పొగ విత్తనమవుతుంది, కానీ విత్తనం వరకే, నీళ్లు రావాల్సింది ఆవిరిలోంచి. పైగా మబ్బులో చుక్క మిల్లీమీటరులో 50వ వంతుంటుంది, అలాంటివి సుమారు 10 లక్షలు కలిస్తే గానీ ఒక్క చినుకు కాదు. పొగ మరీ దట్టమైతే ఉన్న కాస్త తేమనీ లెక్కలేనన్ని నలుసులు పంచేసుకుంటాయి, ఏ చుక్కా కిందపడేంత బరువెక్కదు. మీ ధూమయోని కురవకపోవడానికి ధూమం ఎక్కువవడం కూడా ఓ కారణమన్నమాట.

ఇంకో తమాషా. పెద్ద కార్చిచ్చు వేడికి గాలి పైకి లేచి నిజంగానే మబ్బు కడుతుంది. ప్రపంచ వాతావరణ సంస్థ 2017లో దానికి ఖాయం చేసిన లాటిన్ పేరు ఫ్లమ్మజెనిటస్, మంటకు పుట్టినది. వాళ్లు మంట అన్నారు, మనవాళ్లు పొగ అన్నారు, అంతే తేడా! అది ఉరుములు మెరుపుల దాకా పెరిగితే పైరోక్యుములోనింబస్ అంటారు, అప్పుడు వాన కంటే పిడుగులకే ఎక్కువ భయపడాలి. పడే చినుకులు కింది పొడిగాలిలో దారిలోనే ఆవిరైపోతుంటే ఆ గాలి చల్లబడి, బరువెక్కి, ఒక్కసారిగా నేలమీదికి దూకి నలుదిక్కులా విసురుతుంది, మంట ఎటు మళ్లుతుందో చెప్పలేం.

—

మధ్యలో అడ్డొస్తున్నా, కార్చిచ్చులో కారు, కారుమబ్బులో కారు ఒకటేనా అండీ?

—

కాదండీ. కారుమబ్బులో కారు నలుపు. కార్చిచ్చులోది అడవి, కారెనుము అంటే అడవిబర్రె కదా, అదే కారు. దావానలంలో దావం కూడా అడవే.

—

పేర్ల సంగతొచ్చింది కాబట్టి, అమెరికా వాతావరణ శాఖ ఇచ్చే రెడ్ ఫ్లాగ్ వార్నింగ్‌ని తెలుగులో ఏమనాలి? ‘ఎర్రజెండా హెచ్చరిక’ అంటే ఎక్కడో మంట అంటుకుందనుకుంటారు. నిజానికి ఆ హెచ్చరిక మంట గురించి కాదు, వాతావరణం గురించి. గాలిలో తేమ బాగా పడిపోయి, ఈదురుగాలి వీస్తూ, గడ్డీ ఆకులూ ఎండి ఉన్నాయి, నిప్పురవ్వ పడితే ఆగదు అని ముందే చెప్పడం. వాన లేకుండా పడే పిడుగులకీ ఇస్తారు. దానికంటే ముందు, ఒకట్రెండు రోజుల ముందే, ఫైర్ వెదర్ వాచ్ అని ఇంకోటి వస్తుంది.

అగ్నికి ధూమధ్వజుడని పేరుంది, పొగే ఆయన జెండా. ఆ జెండా లేవకముందే మనం ఎగరేసేది ఈ ఎర్రజెండా. నా ఓటు మాత్రం ‘కార్చిచ్చు ముప్పు హెచ్చరిక’కే, వినగానే అర్థమవుతుంది.

—

బాగుంది. పైన దారిలోనే ఆవిరైపోయే చినుకులన్నారే, మబ్బు కింద తోకల్లా వేలాడుతూ నేలదాకా రాని వాన, ఇంగ్లీషులో వర్గా అంటారు, దానికి మనకేం మాట ఉంది? ఎండమావిలాగా ‘వానమావి’ అందామా?

—

వినడానికి బాగానే ఉంది గానీ, ఎండమావిలో అసలు నీళ్లే ఉండవు. ఇక్కడ ఉంటాయి, అందవంతే.