పాత చేర్యాల పటాలను వానాకాలంలో ఎలా భద్రపరచాలి?

నమస్కారం. నేను వరంగల్‌లోని ఒక చిన్న కళా ప్రదర్శనశాలలో, సందర్శకుల కంటపడని నిల్వగదిలో సహాయకురాలిగా పనిచేస్తున్నాను. పటం కథలు చెప్పేవారు ఊరూరా తిప్పిన పాత చేర్యాల పటాలు మా సంరక్షణలో ఉన్నాయి. ఖాదీ గుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూత పూసి, దానిపై బొమ్మలు వేస్తారు కనుక వానాకాలపు తేమకు వాటికి బూజు సులభంగా పడుతోంది. చుట్టి విప్పిన ప్రతిసారీ రంగు పెచ్చులుగా లేస్తోంది. ప్రదర్శనలో వెలుతురును 50 లక్స్ దాటనివ్వడం లేదు గాని, నిల్వగదిలో తేమను తగ్గించే యంత్రం లేదు. ఆ ఎర్రటి నేపథ్యంపై బొమ్మలను రోజూ చూస్తూ, బొమ్మలు గీయడం మళ్లీ మొదలుపెట్టిన నాకు వాటి నష్టం చాలా బాధ కలిగిస్తోంది. బొమ్మ వైపు బయటకు ఉండేలా లావైన గొట్టానికి చుట్టడం మేలా, లేక పరిచి ఉంచడమే మేలా? లేచిన రంగును నిలబెట్టేందుకు చింతగింజల జిగురునే మళ్లీ వాడవచ్చా? అనుభవమున్న సంరక్షకులు, ఈ పటాలు వేసే నకాశీ కళాకారులు దయచేసి తెలుపగలరు.